ఉన్నాను అనే మాట

ఒక కార్యాలయపు కంప్యూటర్లన్నిటికీ బయటి లోకానికి దారి చూపేది ఒకే రౌటరయితే, అది ఆగిన క్షణాన అందరూ ద్వీపవాసులే. అందుకే రెండు రౌటర్లను జంటగా నిలుపుతారు. ఈ జంట కోసం సిస్కో రూపొందించిన హెచ్‌ఎస్‌ఆర్‌పీ పద్ధతి 1998 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2281గా వెలువడింది. మరుసటి నెలలోనే వీఆర్‌ఆర్‌పీ అనే ప్రమాణమూ వచ్చింది.

హెచ్‌ఎస్‌ఆర్‌పీలో కంప్యూటర్లకు తెలిసిన చిరునామా ఏ ఒక్క రౌటరు సొంతమూ కాదు, జంటకు ఉమ్మడిగా కల్పించినది. దానిని మోస్తున్న రౌటరు 3 సెకన్లకొకసారి "ఉన్నాను" అంటుంది. తోడుది వింటుంది. 10 సెకన్లపాటు ఆ మాట వినబడకపోతే భారం తాను అందుకుంటుంది. మొదట చదివినప్పుడు నాకీ ఏర్పాటు ఎంతో ముచ్చటగా తోచింది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి నెట్‌వర్కు బాగోగులు చూసే పని నాకు వచ్చింది. రక్తపరీక్షల ఫలితాలు ఊరవతలి ప్రయోగశాల నుంచి వార్డుల్లోని తెరలమీదికి వచ్చేవి. జంట రౌటర్లు అంతకుముందే అమర్చి ఉన్నాయి. దేని లైను దానికుంది. ఒక రాత్రి ఫలితాలు రావడం ఆగిపోయింది. వెళ్ళి చూస్తే రెండింటి దీపాలూ పచ్చగానే ఉన్నాయి. మొదటిదాని లైను దారిలో ఎక్కడో తెగింది. అయినా అది లోపలివైపు "ఉన్నాను" అంటూనే ఉంది, తోడుది నమ్ముతూనే ఉంది. పైన పటారం, లోన లొటారం! వార్డులోని నర్సుగారు ఫలితాలను ఫోనులో అడిగి, ఒక్కొక్క అంకెనూ రెండేసిసార్లు చెప్పించుకుని కాగితంమీద రాసుకుంటున్నారు.

మొదటి రౌటరుకు కరెంటు తీసేశాను. పది సెకన్లలో తోడుది అందుకుంది.

మర్నాడు చేసిన మార్పు చిన్నదే. మొదటిదాని ప్రాధాన్యం 105, తోడుదానిది 100. తన లైనుమీద ప్రయోగశాల పలకకపోతే మొదటిది 10 తగ్గి 95 కావాలి. పక్కనున్న తీగలో జీవముందా అని చూస్తే చాలదు, అవతలి గట్టు పలుకుతోందా అని చూడాలి. తోడుదానికి ప్రీఎంప్ట్ అనుమతి కూడా మనమే ఇవ్వాలి. లేకుంటే తనకన్నా తక్కువ ప్రాధాన్యమున్నది పీఠమెక్కి కూర్చున్నా అది నోరు మెదపదు.

ఆపైన నెలకొక రాత్రి, వార్డుకు ముందుగా చెప్పి, మొదటిదాని లైను తీసి చూద్దామన్నాను. "పనిచేస్తున్నదాన్ని ఎందుకండీ ఆపడం?" అన్నారు పర్యవేక్షకులు. సబబైన ప్రశ్నే. రోగులున్న చోట అర నిమిషం అంతరాయమైనా తేలిక సంగతి కాదు. చెప్పి వచ్చే అర నిమిషం మేలా, చెప్పకుండా వచ్చే రాత్రి మేలా అని అడిగాను. అందరికన్నా ముందు ఒప్పుకున్నది నర్సుగారే.

రెండోది ఉండటం వేరు, అవసరానికి అందుకోవడం వేరు. మీ కార్యాలయంలోనూ ఇటువంటి జంట ఉంటే, చివరిసారి ఎప్పుడు చేతులు మారిందో ఒకసారి అడిగి చూడండి.