సంతకం నాదే

మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఒక ఊరు. నేను బీడీలు చేస్తాను. మా ఆయన దుబాయిలో మేస్త్రీ. ఈ సంగతి జరిగేనాటికి పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నదానికి పది నెలలు. రెండూ ఆపరేషన్ కాన్పులే. రెండోసారి బీపీ పెరిగి, రక్తం పోయి, ఎక్కించి బతికించారు. కుట్లు గట్టిపడాలి, కనీసం రెండేళ్లు ఆగమ్మా అని డాక్టరమ్మ చెప్పి పంపింది.

చిన్నదాన్ని చూడటానికి ఆయన సెలవు మీద వచ్చి వెళ్లాడు. నేనింకా పాలిస్తున్నాను, ముట్టు మొదలు కాలేదు. పాలిచ్చే తల్లికి కడుపు నిలవదని మా దగ్గర అందరూ అంటారు. బిడ్డకు ఆరు నెలలు దాటి పైతిండి మొదలయ్యాక ఆ మాట నమ్మొద్దని ఆశా అక్క తర్వాత చెప్పింది. ఒకరోజు చాట ముందేసుకుని కూర్చుంటే తంబాకు వాసనకు కడుపులో తిప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ వాసనలోనే పెరిగినదాన్ని. వాంతి చేసుకుని గోడ పట్టుకుని నిలబడ్డప్పుడే నాకు అర్థమైంది.

నిద్ర లేని రాత్రులు చాలా గడిచాయి. కడుపులో ఉన్నదాని మీద ప్రేమ లేక కాదు. నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయేది. కానీ పోయినసారి నేను ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ పెద్దది అన్నం ముట్టక ఏడ్చిందట. ఈసారి నేను తిరిగి రాకపోతే వీళ్లిద్దరినీ ఎవరు చూస్తారు? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని.

అత్తమ్మకు చెప్పాను. "ఈపారి కొడుకైతడేమో బిడ్డా, ఎట్ల తీసేపిచ్చుకుంటవ్? వేములవాడ రాజన్నకు కోడె కడుత అని మొక్కిన" అంది. ఆమె చెడ్డది కాదు. రెండు కాన్పులకూ నా నెత్తుటి బట్టలు ఉతికింది ఆమే. అందుకే ఆ మాట అంత బరువుగా తగిలింది. మా ఆయనైతే ఫోన్‌లో చాలాసేపు పలకలేదు. "నువ్వు బతికుండాలె నాకు" అన్నాడు. మర్నాడు వాళ్లమ్మతో మాట్లాడాక, "అమ్మ మాట గూడ జెర ఇను" అన్నాడు. ఇక ఈ బరువు నేనే మోయాలని అప్పుడు తెలిసింది.

ముందు టౌన్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయాను. భర్త సంతకం లేకుంటే చెయ్యమన్నారు. దుబాయిలో ఉన్నాడన్నాను. "మొగడు దుబాయిల ఉంటే కడుపెట్ల అచ్చింది?" అని కౌంటర్ దగ్గరి అమ్మాయి అందరూ వినేలా అడిగింది. ఆయన సెలవు తేదీలు నోటిదాకా వచ్చాయి. చెప్పలేదు. ఆమెకు లెక్క అప్పజెప్పాల్సిన అవసరం నాకు లేదు.

ఆశా అక్క నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కుర్చీ చూపించి, కూర్చోబెట్టి చెప్పింది. కడుపు తీయించుకోవడానికి 1971 నుంచే చట్టం ఉందట, దాన్ని 2021లో మార్చారట. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి తన సంతకం తాను పెడితే చాలు, భర్తది అక్కర్లేదు. ఇరవై వారాల లోపైతే ఒక్క డాక్టరు ఒప్పుకుంటే సరిపోతుంది. పేరు బయట పెట్టకూడదు. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా లింగ నిర్ధారణ నేరమని రాసి ఉంటుంది కదా, అది చూసి కడుపు తీయించుకోవడమే నేరమని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. ఆ రెండూ వేరు. వెంట వచ్చిన అత్తమ్మ ఉండబట్టలేక, "ఆడనా, మొగనా?" అని అడిగింది. అది అడగొద్దు, చెప్పొద్దు, అసలు ఎనిమిది వారాలకు స్కాన్‌లో తెలియనే తెలియదు అంది డాక్టరమ్మ.

స్క్రీన్ అటు తిప్పమంటావా అని నన్ను అడిగింది. వద్దన్నాను. చూశాను. చూసే సంతకం పెట్టాను.

రక్తం ఎనిమిది గ్రాములే ఉందని ఇంటికి పంపకుండా చేర్చుకున్నారు. మొదట ఒక మాత్ర, ఒక రోజు విడిచి నాలుగు మాత్రలు. పెద్దదాని కాన్పులో ఆపరేషన్‌కు ముందు పడ్డ నొప్పి మళ్లీ వచ్చింది. గోడకు అవతల ప్రసూతి వార్డు. అక్కడ పసిపిల్ల ఏడ్చినప్పుడల్లా నాకు పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసేది. నొప్పిని ఓర్చుకున్నాను కానీ దాన్ని ఓర్చుకోలేకపోయాను. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నర్సమ్మ వచ్చి ఏమీ అడగలేదు, పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆమెకు నా దండం.

ఏడ్చాను కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టేనని అత్తమ్మ అనుకుంది. కాదు. ఆ దుఃఖం నిజం. మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే సంతకం పెడతానన్నదీ నిజం. ఒకటుంటే ఇంకొకటి ఉండకూడదని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

రెండు వారాలకు మళ్లీ పరీక్షకు పోయినప్పుడు కాపర్-టి వేయించుకున్నాను. అత్తమ్మ చాలా కాలం నాతో ముభావంగానే ఉంది. చిన్నదాని పుట్టువెంట్రుకలకు వేములవాడ పోయినప్పుడు మాత్రం బస్సులో నాకు కిటికీ పక్కన సీటు పట్టి పెట్టింది. మా ఆయన మళ్లీ సెలవు మీద వచ్చినప్పుడు ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఇద్దరం ఏడ్చాం.

ఈమధ్య మా వాడలో ఒకామె చీకటి పడ్డాక వచ్చి, మెడికల్ షాపులో కొన్న మాత్రలు కొంగు ముడి విప్పి చూపించింది. అవి ఇప్పుడే మింగకు అన్నాను. కడుపు గర్భసంచిలో ఉందో, బయట నాళంలో ఉందో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది, బయట ఉంటే ప్రాణం మీదికొస్తుంది. రక్తం ఎంతుందో చూడాలి. ఎవరి సంతకం అడిగినా నీదొక్కటే చాలని చెప్పు. ఆధార్ కార్డు తీసుకుని పొద్దున తయారుగా ఉండు, నేనూ వస్తాను అన్నాను.