మల్గీ కాగితాలు

2025 మార్చి 4, మంగళవారం
బేగంబజార్ స్టీలు సామాన్ల సేట్ వచ్చాడు. కిరాయి నెలకు మూడు వేలు. మల్గీలో తానే దుకాణం పెట్టుకుంటానని ఓనరు రెంట్ కంట్రోల్ కేసు వేశాడు. సేట్ కూర్చోకముందే మొదలుపెట్టాడు: "ఆ జాగ ఆయనది కానే కాదు వకీల్ సాబ్. వక్ఫ్ జాగ అంటున్నరు. కౌంటర్‌ల అదే రాయుండ్రి."
ఎవరంటున్నారని అడిగితే, "బజార్ల అందరు" అన్నాడు. బజారును బోనెక్కించలేం కదా!

మార్చి 6, గురువారం
పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 116, కొత్త చట్టంలో 122. కిరాయికి దిగిన రోజున ఓనరుకు హక్కు లేదని, కిరాయిలో ఉన్నంతకాలం కిరాయిదారు అనకూడదు. అనాలంటే ముందు తాళాలు అప్పజెప్పాలి. 1915లో ప్రివీ కౌన్సిల్ చెప్పిందీ అదే.
మన 1960 రెంట్ కంట్రోల్ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. సెక్షన్ 10(2)(6) కింద, దురుద్దేశంతో హక్కును కాదంటే ఆ కాదనడమే ఖాళీ చేయించడానికి కారణం. నిజాయితీగా అన్నాడని కంట్రోలర్ తేలిస్తే మాత్రం ఓనరు సివిల్ కోర్టుకు పోవాలి. ఏళ్లు గడుస్తాయి. సేట్‌కు ఈ సలహా ఇచ్చినవాళ్లకు ఆ రెండో సగమే తెలిసినట్టుంది.

మార్చి 11, మంగళవారం
రసీదులు తెమ్మన్నాను. బిస్కెట్ డబ్బాలో తెచ్చాడు. అడుగున పాత ఓనరు ముసలాయన ఇచ్చినవి, ఉర్దూ సంతకంతో. పైన ఇప్పుడు కేసు వేసిన ఆయన కొడుకువి, ఊదా రంగు సిరా, ప్రతిదాని మీదా "మల్గీ కిరాయి ముట్టింది".
ఇక్కడే కథ తేలిపోయింది. తండ్రి పోయాక ఈ కొడుకుకు కిరాయి కట్టకుండా ఉండుంటే, నువ్వెవరివని అడిగే వీలుండేది. అసలు ఓనరు చేతి నుంచి హక్కు వచ్చిందనేవాళ్లను, వారసులైనా కొనుక్కున్నవాళ్లైనా, రుజువు అడగొచ్చు. నెలనెలా డబ్బులిచ్చి రసీదు తీసుకున్నాక ఇంకేం అడుగుతాం?
"ఆయన చెల్లెండ్లకు గూడ వాటా ఉంది కదా?" అన్నాడు సేట్. ఉండనీ. వాటాదారుల్లో ఒక్కరు వేసినా కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది, శ్రీరామ్ పస్రీచా కేసులో. ఓనర్లకు తేలికైన దారే ఇచ్చారని నాకెప్పుడూ అనిపిస్తుంది. కానీ కిరాయి తీసుకున్నప్పుడు లేని అనుమానం నోటీసు అందాకే పుట్టడం కూడా రోజూ చూస్తున్నదే.

మార్చి 19, బుధవారం
కౌంటర్‌లో వక్ఫ్ మాట రాయలేదు. సేట్‌కు నచ్చలేదు. కిరాయి బకాయి మాత్రం కట్టించాను. అది కట్టకపోతే రెంట్ కంట్రోల్ చట్టం సెక్షన్ 11 కింద మా వాదన వినే పనే ఉండదు.
ఖాతాలు సర్దుకుంటూ, మాటల్లో మాటగా అన్నాడు: ఆ కొడుకుకే ఉస్మాన్‌గంజ్‌లో సొంత మల్గీ ఉందట, తాళమేసి పెట్టాడట. ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదయ్యా! ఊళ్లో తనకు వేరే సొంత దుకాణం చేతిలో ఉంటే, సొంత అవసరమనే మాట నిలబడడం కష్టం. రేపే మునిసిపల్ నంబరు, ఇంటిపన్ను కాగితం పట్టుకు రమ్మన్నాను. ఎవరి పేరు మీదుందో ముందు చూడాలి.