అమ్మమ్మ క్యాసెట్

రాజోలులో పాత ఇంటి అటక సర్దుతుంటే అమ్మమ్మ అట్లతద్ది పాటలు పాడిన క్యాసెట్ దొరికింది. వీధరుగు మీద రికార్డు చేసినది. గొంతు వెనక వాన, కొబ్బరాకుల గలగల, టేపు బుసబుస.

"సునో అనే ఏఐ యాప్‌లో నాలుగు మాటలు రాస్తే నిమిషంలో పాటొచ్చేస్తుంది నాన్నా" అన్నాడు మా అబ్బాయి. వచ్చింది. శ్రుతి తప్పలేదు. పాడుతున్నది ఎవరని అడిగితే మాత్రం చెప్పడానికి పేరు లేదు.

నేను రెండో దారి పట్టాను: అమ్మమ్మ గొంతు చుట్టూ ఉన్న చప్పుడును యంత్రంతో తుడవడం. జాన్ లెనన్ 1970లలో ఇంట్లో క్యాసెట్‌పై పాడుకున్న పాటలో పియానో మోతకు గొంతు అణిగిపోయేది. యంత్రం ఆ రెంటినీ విడదీశాకే 2023లో అది బీటిల్స్ బృందం పాటగా, 'నౌ అండ్ దెన్' పేరుతో బయటికొచ్చింది. అదే ఏడాది మన 'కీడా కోలా' సినిమాలో, 2020లో మనల్ని విడిచిపోయిన గాయకుడు ఎస్పీ బాలు గొంతును కృత్రిమ మేధతో పుట్టించారు. కుటుంబాన్ని అడగలేదంటూ ఆయన కొడుకు చరణ్ నోటీసు పంపారు. ఆ బాధ న్యాయమైనదే. ఉన్న గొంతును తుడవడం వేరు, లేని మాటను ఆ గొంతులో పెట్టడం వేరు.

చప్పుడు పూర్తిగా తీసేస్తే అమ్మమ్మ ఊపిరి కూడా పోయింది. పాట రేకుడబ్బాలో పాడినట్టయింది. మళ్లీ సగానికి తగ్గించాను. వాన కొంచెం ఉండనిచ్చాను. అప్పుడు వినపడింది, రెండు చరణాల మధ్య అమ్మను కేకేసిన మాట: "ఒసేయ్, పాలు పొంగుతున్నాయి చూడవే!"