పెళ్లయిందా?

ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చి పావుగంట సేపు హాజరు గురించే మాట్లాడింది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్, మీకు తెలిసిన లేడీ డాక్టర్ ఎవరైనా ఉన్నారా? మా నాన్నకు తెలియనివాళ్లు" అంది. ఆ రెండో మాటే అసలు సంగతి.

డిగ్రీ రెండో ఏడాది, పంతొమ్మిదేళ్లు, హాస్టల్ వాసం. రెండు నెలలుగా దురద, తెల్లబట్ట. కాలికి తామర అని అబద్ధం చెప్పి, మెడికల్ షాపులో కుర్రాడిచ్చిన ట్యూబు రాసుకుంటోంది.

మర్నాడు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ కిటికీ లోంచి గట్టిగా వినిపించింది: "పేరు? వయసు? పెళ్లయిందా?" వెనక వరుసలో కనీసం ముప్ఫై మంది. పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

1988లో అలాంటి కిటికీ ముందే నేనూ నిలబడ్డాను. మూడు నెలలుగా నెలసరి రాలేదు. నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసిన చూపుకి చీటీ అక్కడే వదిలేసి వచ్చేశాను. అది థైరాయిడ్ అని తేలేసరికి మరో ఏడాది గడిచింది.

ఈసారి వెనక్కి రాలేదు. వసారా చివర రంగు వెలిసిన బోర్డు ఒకటి కనిపించింది: కౌమార ఆరోగ్య క్లినిక్. 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద పది నుంచి పంతొమ్మిదేళ్ల వారికి నడిచేది. కాగితం మీద మనకెప్పుడూ లోటు లేదు. 2005లో బడుల్లో కౌమార విద్య తెస్తే, 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు వద్దుపొమ్మన్నాయి.

లోపల కౌన్సెలర్ ముందు నన్ను బయట కూర్చోమంది. నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబుచ్చుకున్నాను. తలుపు వేసుకుని ఆమె అడిగినవి తర్వాత అమ్మాయే చెప్పింది. ఎన్నాళ్ల నుంచి, ఏం మందు వాడావు, ఎవరితోనైనా లైంగిక సంబంధం ఉందా, ఉంటే ఏ పరీక్షలు అవసరమో చూడాలి కనుక అడుగుతున్నాను. ఇవి వైద్యానికి పనికొచ్చే ప్రశ్నలు. పెళ్లి ప్రస్తావనే రాలేదట. డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు. షాపు ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంది, అదే దాన్ని పెంచి పోషించింది.

పద్దెనిమిది నిండినవారికి గర్భస్రావం చేయడానికైనా వారి సమ్మతి చాలు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు. మైనర్ల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు. అయితే గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకే ఇవన్నీ ఆ వసారా బెంచీ మీదే తెలిశాయి.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. "మేడమ్, మా రూమ్‌లో ఇంకో అక్క ఉంది. ఆమెకి ఇరవై ఒకటి. పంపిస్తే చూస్తారా?"

కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను. "వయసు సంగతి నేను చూసుకుంటాను, రమ్మనండి. ఒంటిగంటకే మూసేస్తాం" అంది. మా కాలేజీ వదిలేది ఒంటిగంటన్నరకి. ఆ రోజు ఆ పిల్లకి హాజరు వేశాను.