ఎడమకాలి ఆట

కోచింగ్ అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేవి ర్యాంకులూ, సీట్లూ. మా కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో అయితే పిల్లకి మాటలు వచ్చీ రాకముందే కోడింగ్ క్లాసు వెతికేస్తారు! అసలు కోచ్ అనేవాడు ఏం చెయ్యాలో చేసి చూపించిన మనిషి ఈ హైదరాబాదులోనే ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

1909లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా అయిదేళ్ళు ఆ జట్టుదే. భారత జట్టు బాధ్యతా ఆయనదే.

ఆయన పద్ధతి చూడండి. బలం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. చాలామందికి అది ఎడమకాలే కదా! మనమేమో కొత్తకోడల్ని కుడికాలు పెట్టి రమ్మనే వాళ్ళం. పిల్లల విషయంలోనూ అంతే. వచ్చినదానికే ట్యూషన్ పెట్టిస్తాం, రానిదాన్ని వదిలేస్తాం.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. మరొకరైతే మొహం చాటేసేవారు. నాలుగేళ్ళు తిరిగేసరికి రహీం సాబ్ జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన్ని కాన్సర్ తినేస్తోంది. అయినా వెళ్ళారు. తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందు వరసకి పంపారు. గోడలా అడ్డం నిలబడ్డం అలవాటైన మనిషి, ఫైనల్లో గోలు కొట్టాడు! దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం మనదైంది. మరుసటేడు జూన్‌లో రహీం సాబ్ పోయారు. యాభై మూడేళ్ళే. ఆ క్రీడల ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ బంగారం రాలేదు.

ఇదంతా తెలిశాక మా ఇంట్లో ఆదివారాలు ఎడమకాలి ఆట పెట్టాను. లెక్కల్లో దిట్టయినా కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని మా అమ్మాయి కూరగాయలు బేరమాడాలి. హైటెక్ సిటీలో పదిమందిని నడిపించే మా వారు వంట చెయ్యాలి. మొదటివారం అమ్మాయి అడిగినంతా ఇచ్చేసి వచ్చింది, ఆయన పప్పు మాడ్చారు.

మాడితే మాడనివ్వండి. పదికి ఒకటితో ఓడినవాళ్ళే కదండీ, నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో గెలిచింది!