చెయ్యెత్తితే ఆగే రైలు

ఇరవయ్యేళ్ళుగా కాలేజీ పిల్లలకు దీర్ఘసమాసాలు విడగొట్టి చెబుతున్నవాణ్ణి. ఆ గర్వం మొన్న వేసవిలో వేల్సులో అణిగింది.

మాంచెస్టరులో ఉన్న మా తమ్ముడి కూతుర్ని వెంటబెట్టుకుని ఆంగ్లసీ దీవికి వెళ్ళాను. అక్కడ ఓ చిన్న స్టేషను. బోర్డు మీద పేరు 58 అక్షరాలు! నాకు నోరు తిరగలేదు. ‘పెదనాన్నా’ తప్ప తెలుగుమాట పెగలని ఆ పిల్ల మాత్రం గడగడా చదివేసింది. రైల్లోనే బట్టీ పట్టిందట.

యాత్రికులను రప్పించడానికి 1860 ప్రాంతాల్లో అల్లిన పేరట అది. ఊరివాళ్ళు పొట్టిగా లాన్‌వైర్‌పూల్ అంటారు.

స్టేషను కథ ఇంకా వింత. 1848లో తెరిచేనాటికి జలసంధి మీద రైలు వంతెన లేదు. 1850లో బ్రిటానియా వంతెన పూర్తయ్యేదాకా దీవిలోని రైలుదారికి ఇదే కొస. 1966లో స్టేషను మూసేశారు. 1970 మేలో కుర్రవాళ్ళెవరో దివిటీతో వంతెన గొట్టంలో దూరారు. నిప్పంటుకుని వంతెన పాడైంది. హోలీహెడ్ రైళ్ళకు మళ్ళీ ఇదే కొస, మళ్ళీ తెరవక తప్పలేదు! వంతెన బాగుపడ్డాక 1972లో మూత. 1973లో తెరిచింది మాత్రం నేటికీ నడుస్తోంది.

దిగాలంటే గార్డుకు ముందే చెప్పుకోవాలి. ఎక్కాలంటే డ్రైవరుకు కనబడేలా చెయ్యెత్తాలి, అచ్చం మన పల్లెటూరి బస్సే. సాయంత్రం అమ్మాయే చెయ్యెత్తింది. రైలు ఆగింది.

తిరుగుదారిలో నాకు ఆ పేరు ముక్కముక్కలుగా నేర్పింది. బదులుగా టిక్కెట్టు వెనక దాని పేరు తెలుగులో రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతేనా?” అంది ఇంగ్లీషులో.