గృహనిర్మాణము - అనుమతి వ్యయము

ఇల్లు కట్టఁదలఁచినపు డిటుకలకును సిమెంటునకును లెక్క వ్రాసికొందుము గాని పురపాలకసంఘమువారి యనుమతికగు వ్యయమును మఱచుచుందుము. తెనాలిలో మాకొక స్థలము బేరమునకు వచ్చినది. ధర చౌక, తూర్పు ముఖము. బడిపంతులు జీతమునకుఁ దగినదని మావారు సంతసించిరి. లేఔటునకు అనుమతి కలదా యని నేనడుగఁగా లేదని తేలినది. అట్టివానిని క్రమబద్ధము చేయుటకు మన రాష్ట్రమున 2020లో వెలువడిన నిబంధనలు, తక్కిన రుసుములుగాక, విడువని ఖాళీజాగాకై స్థలపు విలువలో నూటికి 14 రూపాయలు విధించినవి. 10 లక్షల స్థలమునకు 1,40,000 రూపాయలు! ప్లాను గీయువారి కిచ్చునది వేఱు. నా గాజులను మ్రింగు చౌక యది! బేరము మానితిమి. రుసుము అన్యాయమనఁజాలను. పిల్లలాడుకొను జాగా విడువనివాఁడు అమ్మినవాఁడు. మూల్యము చెల్లించునది కొన్న యిల్లాలు. కావున వాస్తువుకంటె ముందు లేఔటు అనుమతిపత్రమును చూడుఁడు.